గుండె లయ తప్పితే: అబ్లేషన్ గురించి నాలుగు మాటలు



"గుండెను కాలుస్తారట కదా సిస్టర్?" అని మీరు భయంగా అడుగుతుంటారు. కాల్చేది గుండెనంతా కాదు, లయ తప్పిస్తున్న చిన్న చోటునే.

పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ చుట్టూ కరెంటు గిర్రున తిరిగితే గుండె నిమిషానికి 150, 200 సార్లు కూడా కొట్టుకుంటుంది. ప్రాణానికే ముప్పు. డాక్టరుగారు గజ్జల్లోని రక్తనాళం గుండా కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని పంపి, కంప్యూటరు మీద గుండె పటం గీసి, ఆ చోటును వేడితో మాడుస్తారు. గంటలు పడుతుంది; ఆలస్యమైందని కంగారుపడకండి.

తరువాత మేము చెప్పేవరకు కాలు మడవనివ్వకండి. ఇంటికి వెళ్లాక మందులు మీ అంతట మీరే మానిపించకండి. ఈ జబ్బు మళ్లీ రావచ్చు. మనిషి స్పృహతప్పి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేవరకు ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. ఆ నిమిషాల్లో డాక్టరూ నర్సూ మీరే.