నలభై రోజుల రాజ్యం



నేను బడిపంతుల్ని. పలక గురించే మాట్లాడతాను. అయితే ఇది పిల్లలు దిద్దుకునే పలక కాదు. చంపబోయే మనుషుల చేతే మోయించిన పలక.

ఇటలీ ఉత్తరాన, స్విట్జర్లాండ్ సరిహద్దులో, ఒస్సోలా అని ఒక కొండలోయ ఉంది. 1943 సెప్టెంబరులో ఇటలీ ప్రభుత్వం యుద్ధం నుంచి తప్పుకుంది. వెంటనే హిట్లర్ సైన్యం ఆ దేశంలోకి దిగింది, ముస్సోలినిని కీలుబొమ్మగా కూర్చోబెట్టింది. పడుచువాళ్లని సైన్యంలో చేరమన్నారు. చేరనివాళ్లు కొండలెక్కారు. కూలీలు, రైతుబిడ్డలు, చదువుకున్నోళ్లు, పాత సిపాయిలు అంతా కలిశారు. వాళ్లనే పార్టిజాన్లు అన్నారు. వాళ్లకి తిండి పెట్టిందీ, దాచిందీ కొండపల్లెల జనమే.

1944 జూన్ 20న ఆ లోయ ముఖద్వారం దగ్గర, పట్టుబడిన 43 మందిని వీధులెంట నడిపించారు. ముందు నడిచేవాళ్ల చేత పలక పట్టించారు. వీళ్లు ఇటలీ విమోచకులా, బందిపోట్లా అని దానిమీద రాశారు. ఆ వరుసలో ఒక ఆడమనిషి కూడా ఉంది. పేరు క్లెయోనీచె తొమస్సెట్టి. ఫోండోతోచె అనే చోట ముగ్గుర్ని ముగ్గుర్ని నిలబెట్టి కాల్చారు. 42 మంది చనిపోయారు. కార్లో సుజ్జి అనే కుర్రాడు ఒక్కడే శవాల మధ్య బతికి బయటపడ్డాడు.

బందిపోట్లన్నారు గదా! మూడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 10న, పార్టిజాన్లు దోమోదొస్సోలా పట్టణాన్ని గెలుచుకున్నారు. గెలిచి ఏం చేశారు? దోచుకున్నారా? లేదు. ప్రభుత్వం పెట్టారు. ఎత్తోరె తిబాల్ది అనే డాక్టరు దానికి పెద్ద. తిండి గింజల సంగతి చూశారు. బడులు కొత్త పద్ధతిలో నడపాలని ఆలోచన చేశారు. జిసెల్లా ఫ్లొరెయానిని అనే మహిళకి ప్రజల సహాయ బాధ్యత అప్పజెప్పారు. అప్పటికి ఇటలీలో ఆడవాళ్లకి ఓటే లేదు! ఓటు లేని మనిషి పాలనలో కూర్చుంది, చూడండి.

నలభై రోజులే. అక్టోబరులో శత్రువు పెద్ద బలగంతో విరుచుకుపడ్డాడు. జనం పిల్లాపాపల్తో మంచు కనుమలు దాటి స్విట్జర్లాండ్ చేరారు.

ఓడిపోయారా? ఆ ప్రభుత్వానికి కార్యదర్శిగా ఉన్న ఉంబెర్తో తెర్రాచిని, ఫాసిస్టుల జైళ్లలో, ప్రవాస శిక్షలో 17 ఏళ్లు గడిపినవాడు. 1947లో ఆయనే ఇటలీ రాజ్యాంగసభకి అధ్యక్షుడయ్యాడు. డిసెంబరు 27న కొత్త రాజ్యాంగం కింద సంతకం పెట్టినవాళ్లలో ఆయనొకడు. ఆ సభని ఎన్నుకున్న 1946 ఎన్నికల్లో ఆడవాళ్లూ ఓటేశారు.

రాజ్యం ఎన్నాళ్లు నిలిచిందని లెక్కలేసేవాళ్లు వేసుకోనీండి. చేతికొచ్చిన నలభై రోజుల్లో ఎవర్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు, ఎవరి కడుపు చూశారు? మనం అడగాల్సిన లెక్క అదీ.

బతికిన ఆ కుర్రాడు మళ్లీ కొండల్లోకే పోయాడు. ఉద్యమంలో తన పేరు ‘నలభైమూడు’ అని పెట్టుకున్నాడు. పలక మీద ప్రశ్నకి అదే జవాబు.