జవాబు కంటే ముందు ఆధారం

(ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాంఘిక శాస్త్ర బోధన గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు మేము సంకోచించాము. మేము ఉపాధ్యాయులం కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాల మధ్య జీవితం గడిపినవారం. అయితే ఆ దస్త్రాలు మాకొక పాఠం నేర్పాయి. ఎంత ఆర్తితో వ్రాసిన అర్జీ అయినా, జతపరచిన కాగితాలు లేకపోతే వెనక్కి పోతుంది. "ఆధారములు జతపరచలేదు" అని వ్రాసి, మన వాళ్ల అర్జీలను ఎన్నింటినో మా చేతులతోనే తిప్పి పంపవలసి వచ్చింది. ఆ అర్జీదారులు అబద్ధమాడినవారు కారు. తమ నిజాన్ని నిరూపించుకునే విద్య వారికి ఎవరూ నేర్పలేదు. ఆ విద్య బడిలోనే మొదలుకావాలి. అందుకు తగిన పాఠం సాంఘిక శాస్త్రం.

కాని మన ఇళ్లలో ఆ పాఠానికి ఉన్న విలువ ఎంత? లెక్కలకు, ఇంగ్లీషుకు ట్యూషన్; సాంఘిక శాస్త్రానికి ఒక గైడు. బట్టీ చదువు నుంచి పిల్లలను తప్పించి, బడి వెలుపలి జీవితంతో చదువును ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం చెప్పింది. జిజ్ఞాసను, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతున్నది. ఇవన్నీ ఉండగానే మన పిల్లవాడు జవాబును కంఠస్థం చేసి, పరీక్ష మరునాడే మరచిపోతున్నాడు.

మేము కొందరం కలిసి మా బస్తీలో ఆదివారం పూట ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో కూర్చుంటున్నాము. ఒకనాడు ఒక బాలుడు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చాడు. "మీవాళ్లు ఈ దేశం కోసం ఏం చేశారు?" అని తోటి విద్యార్థి అడిగాడట. పది పేర్లు వ్రాసిమ్మని మమ్మల్ని కోరాడు. పేర్లు ఇవ్వడం సులభమే. కాని ఆ పేర్లు కూడా మరొక బట్టీ పాఠమే అవుతాయి. అందుచేత పేర్లకు బదులు ఒక ప్రశ్న ఇచ్చాము: "1857లో ఢిల్లీ, మీరట్ సంగతి పుస్తకంలో చదివారు. ఆ ఏడు మన హైదరాబాదులో ఏం జరిగింది?"

పిల్లలను కోఠీకి తీసుకువెళ్లాము. అక్కడి స్మారకాన్ని, నేడు మహిళా విశ్వవిద్యాలయంగా ఉన్న నాటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని చూశారు. నోటు పుస్తకంలో మూడు గళ్లు గీయించాము: కళ్లతో చూసినది, పెద్దలు చెప్పినది, పుస్తకంలో దొరికినది. ఏ గడిలోని మాటను మరొక గడిలో వ్రాయకూడదన్నదే నియమం.

నెల రోజుల్లో వారు తెలుసుకున్నది ఇది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో జనం రెసిడెన్సీపై దాడి చేశారు. అక్కడ బంధించిన చీదా ఖాన్‌ను, అతని సహచరులను విడిపించాలన్నది వారి కోరిక. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859లో తూప్రాన్ ప్రాంతంలో కాల్పులకు బలయ్యాడు. మౌల్వీని అండమానుకు పంపారు.

ఇంతవరకు పిల్లలు ఉత్సాహంగానే ఉన్నారు. ఆ పైన నిజాం దివాను సాలార్‌జంగ్ బ్రిటిష్ వారి పక్షాన నిలిచాడన్నది కూడా వారి గడుల్లోకి వచ్చింది. ఒక బాలిక లేచి, "అటూ ఇటూ ఉన్నది ముస్లిములే. మరి 'మనవాళ్లు' అంటే ఎవరు సార్?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేదు; తరగతినే ఆలోచించమన్నాము. ఒక సమాజంలోని వారందరినీ ఒకే గాటన కట్టడం తప్పని మనం ఇతరులకు ఎన్నేళ్లుగా చెబుతున్నామో! ఆ సత్యాన్ని ఆ పిల్ల తన నోటు పుస్తకంలో తానే కనుగొన్నది. మరుసటి ఆదివారం మొదటి బాలుడు, తనను ప్రశ్నించిన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకే గళ్లలో వ్రాసుకున్నారు.

ఇది చరిత్రకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిములకు అయిదు శాతం రిజర్వేషన్ కోసం 2004లో, 2005లో జరిగిన ప్రయత్నాలు హైకోర్టులో నిలవలేదు. వెనుకబాటును సరైన ప్రమాణాలతో నిర్ధారించారా అన్నదే అక్కడ ప్రధాన ప్రశ్న. తరువాత పి.ఎస్. కృష్ణన్ గారు ముస్లిములలోని వృత్తులను, సామాజిక స్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చారు. బీసీ కమిషన్ విచారణ జరిగింది. 2007 చట్టం పద్నాలుగు సమూహాలకు నాలుగు శాతం ఇచ్చింది. అదీ హైకోర్టులో దెబ్బతిన్నా, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఈనాడు మన పిల్లలు బీసీ-ఇ ధ్రువపత్రంతో కళాశాలలో చేరుతున్నారంటే, దాని వెనుక ఎవరో ఇల్లిల్లూ అడిగి వ్రాసిన వివరాలు ఉన్నాయి. రేపు ఆ వివరాలు సేకరించవలసినది మన పిల్లలే కదా!

ఇక మనకు రుచించని మాట ఒకటి. విచారణ నేర్చిన పిల్లలు ఇతరులనే ప్రశ్నించి ఊరుకోరు. బస్తీలో వృత్తుల సర్వే చేసినప్పుడు మా పిల్లలే అడిగారు: "పదో తరగతి తరువాత చదువు మానినవారిలో ఆడపిల్లలే ఎక్కువగా ఉన్నారెందుకు? కమిటీ జాబితాలో ఒక్క స్త్రీ పేరైనా లేదెందుకు?" పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే, ఆ కమిటీలో సభ్యులమైన మేమూ నొచ్చుకున్నాము. కాని ప్రభుత్వాన్ని ఆధారాలు అడిగే హక్కు కోరేవారు, తమ ఇంటి పిల్లల ప్రశ్నకు తలుపు మూయడం న్యాయం కాదు. తరువాతి సమావేశంలో ఆ ప్రశ్నలను కార్యక్రమ పట్టికలో చేర్చాము.

తల్లిదండ్రులకు మా మనవి: పిల్లలు ప్రశ్నిస్తే "నోరు మూసుకుని చదువు" అనకండి. ఇంట్లోని పాత రసీదులు, నికానామాలు, భూమి కాగితాలు వారికి చూపించండి. ఉపాధ్యాయులకు మా మనవి: నెలకొక్క పాఠాన్నైనా గైడు లేకుండా, గది దాటి బోధించండి. అన్ని మతాల పిల్లలను కలిపి పంపండి.

మా చేతి మీదుగా తిరిగిపోయిన అర్జీలను ఇప్పుడు మేము సరిదిద్దలేము. రేపటి అర్జీ మాత్రం అలా తిరిగి రాకుండా, దానికి కాగితం జతపరచగల చేతులను తయారుచేసుకోగలము. ఆ చేతులు ఇక్కడే, మీ పక్కనే కూర్చుని ఉన్నాయి.

సెలవు.