నాటు తుపాకి లెక్క ఎవరు రాయాలి?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇవాళ తుపాకి గురించి మాట్లాడుకుందాం. ఆ మాట అనగానే మీకు మన్యం పోరాటం గుర్తొస్తుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన చరిత్ర మనది. కానీ నేను చెప్పేది ఆ తుపాకి గురించి కాదు. మన ఇంటి అటక మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన నాటు తుపాకి గురించి.

నా చిన్నప్పుడు మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన రాత్రిపూట చేను కాపలాకి వెళ్లాడు. అదే రాత్రి పంది కోసం తిరుగుతున్న మా ఊరి మనిషే పొద కదిలిందని పేల్చేశాడు. పొద వెనక పంది లేదు, పెదనాన్న ఉన్నాడు. తెల్లారి పెద్దలు కూర్చున్నారు. నిజం చెప్తే తుపాకి బయటపడుద్ది, ఇంటింటికీ సోదా వస్తుందని భయపడ్డారు. చెట్టు మీంచి పడ్డాడని చెప్పేశారు. పెద్దమ్మకి ఒక్క రూపాయి పరిహారం రాలేదు. పేల్చినాయన మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఆ చావు ఏ లెక్కలోనూ లేదు.

ఇప్పుడు సర్కారు లెక్కలు ఎలా తయారవుతాయో చూడండి. జాతీయ నేర గణాంకాల బ్యూరో ఏటా పుస్తకం వేస్తుంది. అందులో ఆయుధాల చట్టం కేసులంటే అన్నీ తుపాకులే కాదు, కత్తుల కేసులూ ఉంటాయి. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో హత్య, ఆయుధాల చట్టం రెండూ ఉంటే పెద్ద నేరం ఒక్కటే లెక్కకొస్తుంది. ప్రమాదవశాత్తూ పోయిన ప్రాణాలది ఇంకో పుస్తకం. అందుకే ఏదో జిల్లాలో ఆయుధాల కేసులు ఎక్కువున్నాయని చూపించి, అక్కడోళ్లు హింసకి అలవాటు పడ్డోళ్లని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సోదాలు ఎక్కువ చేసిన చోట కేసులూ ఎక్కువే దొరుకుతాయి. అలాగని కేసులు లేవు కాబట్టి ప్రమాదమే లేదని మీరూ అనకండి. మా పెదనాన్న ఆ పుస్తకంలో లేడు కదా!

తుపాకుల లెక్కల మీద బాగా కొట్లాడుకునే దేశం అమెరికా. అక్కడ 2021లో తుపాకి వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో హత్యలు 20,958. మరి ఆత్మహత్యలు? 26,328. అంటే సగానికి పైగా మంది తమ చేతులతో తామే పోయారు. ఒక పక్షం మొత్తం అంకె చూపిస్తుంది. ఇంకో పక్షం ఆత్మహత్యలు తీసేసి చూడమంటుంది. నేను మాత్రం ఆ తీసేయమన్న అంకె దగ్గరే ఆగుతాను. పురుగుమందు డబ్బా చేతికందేలా ఉంటే ఏమవుద్దో మన ఊళ్లలో అందరికీ తెలుసు. మనసు విరిగిన ఆ ఒక్క గంట గడిస్తే మనిషి మిగులుతాడు. తుపాకి ఆ గంట ఇవ్వదు. అది ముందు ఇంట్లోవాళ్లకే ప్రమాదం.

"మరి పంట మాటేంటి అన్నా? పందులు ఒక్క రాత్రిలో చోడి చేను దున్నేస్తున్నాయి" అంటారు. న్యాయమైన ప్రశ్న. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. నిజంగా పంట కాపాడుకోడానికే అయితే, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అందులోనే ఉంది. అర్హత లేదనడానికి చట్టం చెప్పిన కారణాలు ఉంటే తప్ప. ఇంకో సంగతి. కర్ణాటకలోని కొడగులో కొడవులకి, జమ్మా భూమి హక్కుదారులకి లైసెన్సు నుంచి మినహాయింపే ఉంది. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. మన దగ్గరేమో అదే 2019 సవరణతో లైసెన్సు లేని తుపాకి దొరికితే కనీసం రెండేళ్లు, అయిదేళ్ల దాకా జైలు. తయారు చేసినోడికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం. కొడవుకి మినహాయింపు, కొండదొరకి జైలా అని అడగొచ్చు. అడగాలి కూడా!

కానీ అడిగేవాళ్లం ముందు మనం నిజం మాట్లాడాలి. లైసెన్సు వచ్చినంత మాత్రాన వేటకి అనుమతి వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం అలాగే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కుల్ని గుర్తించింది గానీ వేటని అందులోంచి తీసేసింది. ఇది తెలీక పండగ వేటలో తుపాకి పట్టుకుని ఫొటో దిగి, స్టేటస్‌లో పెట్టుకుంటున్న తమ్ముళ్లున్నారు. ఆ ఫొటోయే రేపు మీ మీద సాక్ష్యం.

అందుకే నేను కోరేది ఇది. గ్రామసభలో ఒక పుస్తకం పెట్టండి. ఎవరి చేనులో ఎన్ని సెంట్లు పోయాయో తేదీతో రాయండి. పంట నష్టపరిహారానికీ, లైసెన్సు దరఖాస్తుకీ అదే ఆధారం. లైసెన్సు లేని తుపాకిని పిల్లల చేతికి అందేలా ఇంట్లో ఉంచుకోవద్దు. అప్పగించేటప్పుడు ఒక్కరే పోకండి, పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్లి కాగితం రాయించుకోండి. లైసెన్సు వచ్చిన రోజున కూడా తుపాకి ఒకచోట, మందు ఇంకోచోట, రెండిటికీ తాళం. తాగినోడి చేతికి ఇవ్వొద్దు. చప్పుడు విని పేల్చొద్దు. కళ్లతో చూడనిదాని మీద గురిపెట్టొద్దు.

ఇంకొక్క మాట. తుపాకి వల్ల మన మనిషి పోతే, ఎలా పోయాడో అలాగే రాయండి. చెట్టు మీంచి పడ్డాడని రాయొద్దు. మన చావుని మనమే దాచుకుంటే మన తరఫున లెక్క అడిగేవాడు ఉండడు.

జై ఆదివాసీ!