నల్లగొండ పేరు పెట్టుకున్న పద్ధతి
(పానగల్ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



సైన్సు ఏం కనిపెట్టింది అని అడిగితే మనం రైలు అంటాం, కరెంటు అంటాం, ఫోను అంటాం. నేను ఇవాళ బిందెలో నీళ్ళ గురించి చెప్తాను. నీళ్ళను బాగుచేసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే ఉంది. దాన్ని 'నల్లగొండ పద్ధతి' అంటారు. ఆఫ్రికాలోని కెన్యా, టాంజానియా దేశాల్లో కూడా ఆ పేరు తెలుసు. మన కష్టం వల్ల వచ్చిన పేరు అది.

ఆ కష్టం మీకు తెలిసిందే. పండ్ల మీద గోధుమరంగు చారలు. బిగుసుకుపోయిన నడుము. వంకర తిరిగిన కాళ్ళు. ఇదంతా మన కర్మ అని సరిపెట్టుకున్న వాళ్ళు ఎందరో! కర్మ కాదు, నీళ్ళు.

ఈ సంగతి ఎట్ల బయటపడింది? 1901లో అమెరికాలో మెక్కే అనే పండ్ల డాక్టరు ఒక ఊరికి వచ్చాడు. అక్కడ చాలామంది పండ్ల మీద మచ్చలు చూశాడు. కారణం కోసం ఏండ్ల తరబడి వెతికాడు. ఓక్లీ అనే ఇంకో ఊళ్ళో తల్లిదండ్రులు ఆయనకు ఒక సంగతి చెప్పారు. దూరపు ఊట నుంచి పైపు వేసి నీళ్ళు తెచ్చినాకనే తమ పిల్లలకు మచ్చలు వస్తున్నాయని. ఆ నీళ్ళు మానండి అన్నాడు డాక్టరు. వేరే ఊట నీళ్ళు తాగారు. కొన్నేండ్లకు చిన్న పిల్లలకు మచ్చలేని పండ్లు వచ్చాయి. ఆ నీళ్ళలో ఏముందో అప్పటికి డాక్టరుకే తెలియదు. చూశారా, తల్లిదండ్రులు ముందే గుర్తుపట్టారు!

1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్ళలో దాన్ని పట్టుకున్నాడు. అదే ఫ్లోరైడు.

ఫ్లోరైడు రాతిలో ఉంటుంది. మన నేల కింద ఉన్నది రాయే. రాళ్ళ సందుల్లో ఏండ్ల కొద్దీ నిలిచిన నీళ్ళలో అది కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నీళ్ళు తేటగానే ఉంటాయి. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం.

కాచి తాగితే పోదా అంటారేమో. పోదు. నీళ్ళు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడు మిగిలిన నీళ్ళలోనే ఉంటుంది. గుడ్డతో వడకట్టినా పోదు.

మరి ఏం చేయాలి? నాగపూర్‌లోని 'నీరి' అనే పరిశోధన సంస్థ 1970లలో ఒక ఉపాయం చెప్పింది. నీళ్ళలో కొంచెం సున్నం, తర్వాత పటిక వేసి బాగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. పటిక దూదిపింజల మాదిరిగా విరిగి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు తీసుకోవాలి. అడుగు మడ్డిని కదిలించొద్దు.

బురద నీళ్ళు తేరడానికి మన పెద్దలు పటిక వాడేవాళ్ళు. అదే పటిక! కానీ ఇక్కడ చేతి అందాజు పనికిరాదు. ఎంత వేయాలో నీళ్ళు పరీక్ష చేసినాకనే చెప్తారు. రోజూ కొలిచి వేయాలి. కూలికి పోయే ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? నా మట్టుకు నాకు, మంచి నీళ్ళు ఇంటికి రావడమే మేలు అనిపిస్తుంది.

ఇప్పుడు మన పానగల్ ఉదయ సముద్రంలోకి కాలువతో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. పల్లెల్లోకి భగీరథ నల్లా వచ్చింది. కానీ నల్లా రాని రోజు ఏం చేస్తాం? మళ్ళీ బోరు దగ్గరికే పోతాం. పెరిగే పిల్లల ఎముక ఒకసారి వంగితే ఆ నీళ్ళు మానినంత మాత్రాన తిన్నగా కాదు.

అందుకే తాగే బోరు నీళ్ళను పరీక్షకు పంపుదాం. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా తీసుకోండి. అదే నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి నింపండి. చీటీ మీద ఊరి పేరు, బోరు ఉన్న చోటు, తేదీ రాయాలి. ఆ చీటీ ఇంకొకరితో రాయించవద్దు. మీరే రాయండి.