పగడపు దీవుల పుట్టుక

మన ఇండ్లలో స్త్రీల మంగళసూత్రాలలో నల్లపూసల సరసన ఎర్రని పగడం కనిపిస్తుంది. అది నవరత్నాలలో ఒకటి, సముద్రంలో దొరికేది. కాబట్టి పగడపు దీవులు కూడ ఆ పగడంతోనే ఏర్పడినవని చాలామంది అనుకొంటారు. రెండూ ఒకే వంశానికి చెందినవే గాని, వాటి నడవడి వేరు. నగలలోని ఎర్ర పగడానికి మధ్యధరా సముద్రం పేరుపొందిన స్థానం. అది వెలుతురు తక్కువైన చోట, మందకొడిగా పెరుగుతుంది, దీవులను కట్టదు. దీవులను కట్టేవి ఎండను కోరే వేరొక తెగ పగడాలు. ఈనాటి ప్రసంగం ఆ తెగను గురించి.

వీటిని పగడపు పురుగులని వాడుకలో అంటారు గాని, ఇవి పురుగులు కావు; జెల్లీచేపకు చుట్టాలు. చాలా జాతులలో ఒక్కొక్క ప్రాణి కొద్ది మిల్లీమీటర్ల సంచి మాత్రమే. ఆ సంచికి ఒకటే నోరు, నోటి చుట్టూ వేళ్ల వంటి పోగులు. శైశవంలో ఇది నీటిలో తేలుతూ తిరుగుతుంది. గట్టి రాయి దొరికినప్పుడు దానికి అంటుకొని, ఇక జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. సముద్రజలంలో కరిగి ఉన్న సున్నపు పదార్థాన్ని గ్రహించి, తన అడుగున గిన్నె వంటి గూడు కట్టుకొంటుంది. పిమ్మట చెట్టు మొగ్గ తొడిగినట్లు దాని పక్కనుండి మరొక ప్రాణి, దాని పక్కనుండి ఇంకొకటి పుట్టుకొని వస్తవి. మేడమీద మేడ కడుతూ ఎప్పుడూ పై అంతస్తులోనే కాపురముండే గృహస్థువలె, ఇవి పాత గూటిని విడిచి పైకి జరుగుతూ ఉంటవి. విడిచిన అంతస్తులన్నీ రాయిగా మిగులుతవి.

బండల వంటి జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు, కొమ్మల వంటివి పది సెంటీమీటర్ల వరకు పెరుగుతవి. కాని అలలు వాటిని విరగగొడుతవి. కొన్ని చేపలు పగడపు రాతిని కొరికి పిండిచేసి ఇసుకగా విసర్జిస్తవి. ఆ ముక్కలూ ఇసుకా సందులలో నిండగా, సున్నాన్ని పేర్చుకొనే ఒక రకం ఎర్రనాచు వాటిని సిమెంటువలె అతికిస్తుంది. ఈ లాభనష్టాలన్నీ పోగా, దిబ్బ మొత్తంమీద ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పైకి లేస్తుంది.

ఇంత శ్రమకు ఆహారం ఎక్కడిది? ఈ ప్రాణి శరీరంలోనే కంటికి కనిపించనంత చిన్న నాచుకణాలు కాపురముంటవి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగాన్ని యింటి యజమానికి ఇస్తవి. పగడపు రంగులు కూడ చాలవరకు వాటివే. అందువల్లనే దిబ్బలు కట్టే పగడాలకు వెచ్చని, తేటయైన, లోతు లేని నీరు కావలెను. గోదావరి, కృష్ణ మంచినీటినీ ఒండ్రునూ తెచ్చి కలిపే మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ముఖ్యకారణం ఇదే. మన దేశంలో అవి మన్నారు, కచ్ సింధుశాఖలలోను, అండమాన్ నికోబార్ దీవుల చుట్టూను, లక్షద్వీపాలలోను ఉన్నవి.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న వస్తుంది. ఈ పగడాలు యాభై మీటర్ల లోతు దాటితే సాధారణంగా దిబ్బలు కట్టలేవు. కాని అగాధమైన మహాసముద్రం నడుమ కంకణం వంటి పగడపు వలయాలు ఉన్నవి. వీటినే అటాల్ అంటారు. ఆ మాట మాల్దీవుల భాష నుండి వచ్చినది. అంత లోతులో పునాది ఎవరు వేసినారు?

1836 ఏప్రిల్‌లో చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు వచ్చినాడు. అక్కడ సీసపు గుండుకు కొవ్వు పూసి నీటిలోకి దింపి చూసినారు. తక్కువ లోతులో కొవ్వుమీద సజీవమైన పగడాల అచ్చులు పడినవి; లోతు పెరిగినకొద్దీ ఇసుక మాత్రమే అంటుకొన్నది. తీరానికి రెండు కిలోమీటర్ల దూరంలో 7,200 అడుగుల తాడు వదిలినా అడుగు తగలలేదు.

డార్విన్ 1842లో ప్రకటించిన గ్రంథంలో ఇచ్చిన సమాధానం ఇది. మొదట సముద్రంలో ఒక అగ్నిపర్వతం లేస్తుంది. దాని ఒడ్డును అంటుకొని పగడాలు దిబ్బ కడుతవి. కాలక్రమాన పర్వతం మెల్లమెల్లగా క్రుంగుతుంది. పగడాలు మాత్రం వెలుతురును విడువక పైకి కట్టుకొంటూ పోతవి. పర్వతానికీ దిబ్బకూ మధ్య నీటిపాయ ఏర్పడుతుంది. చివరకు పర్వతశిఖరం మునిగిపోయి, వలయం మాత్రం మిగులుతుంది.

దీనికి ఋజువు దొరకడానికి నూటపది సంవత్సరాలు పట్టినది. 1881లో, మరణానికి ముందు సంవత్సరం, డార్విన్ ఒక లేఖలో, ఎవరైనా కోటీశ్వరుడు ఒక అటాల్‌లో ఐదారు వందల అడుగులు తొలిపించి చూస్తే బాగుండునని కోరినాడు. 1896-98 సంవత్సరాలలో పసిఫిక్‌లోని ఫునాఫుటిలో 1,114 అడుగులు తొలిచినారు, పునాది అందలేదు. 1952లో అదే సముద్రంలోని ఎనివెటాక్‌లో రెండుచోట్ల తొలిచినప్పుడు, ఒకచోట 4,158 అడుగులకు, మరొకచోట 4,610 అడుగులకు అగ్నిపర్వతపు నల్లరాయి తగిలినది. దానిపైన ఉన్నదంతా సున్నపురాయి. దాదాపు ఐదు కోట్ల సంవత్సరాల కట్టడం. విచారకరమైన సంగతి ఏమంటే, అదే సంవత్సరం నవంబరు 1న జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షలో ఆ వలయంలోని ఒక దీవి నామరూపాలు లేకుండా పోయినది.

మన లక్షద్వీపాల పునాది కూడ అగ్నిపర్వతశిలయే. దక్కను పీఠభూమిపై నల్లరాతిని క్రుమ్మరించిన అగ్నికేంద్రమే ఆ శ్రేణిని కూడ నిర్మించినదని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ దీవుల భూభాగమంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లు. ఎత్తు సముద్రమట్టానికి కొద్ది మీటర్లే. 2011 జనాభా లెక్కలలో అక్కడ 64 వేలమందికి పైగా ఉన్నారు. వారు నడిచే నేల పగడపు ఇసుక. బావులలోని మంచినీరు ఆ ఇసుకలో ఇంకి, కింది ఉప్పునీటిపై తేలే వాననీరు. తుఫాను అలలను అడ్డగించే ప్రాకారం పగడపు దిబ్బ.

ఆ ప్రాకారంలో ప్రాణమున్నది పైపొర మాత్రమే. వేసవిలో నీటి వేడి మామూలుకన్న ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారాల తరబడి నిలిస్తే, పగడం తనలోని నాచును వెళ్లగొట్టి తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకొంటుంది. తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. లక్షద్వీపాలలో 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో పగడాలు ఇట్లా తెల్లబడినవి. ఒక దెబ్బ నుండి తేరుకొనడానికి పదేళ్లయినా కావలసిన చోట, ఈ ఎడములు చాలవు.

పర్వతం క్రుంగినా పగడం ఓడిపోలేదు. ఎందుకంటే పర్వతం మెల్లగా క్రుంగినది. ఇప్పుడు భూగోళం వేడెక్కి సముద్రమట్టమే పైకి వస్తున్నది. బ్రతికి ఉన్న దిబ్బ నీటితో పాటు పెరగడానికి ప్రయత్నించగలదు. చచ్చిన దిబ్బ అలలకు అరిగిపోయే సున్నపురాయి మాత్రమే. కోట్ల సంవత్సరాలుగా ఆ ప్రాణి కోరినవి తేటనీరు, మితమైన వెచ్చదనం, పైకి పెరగడానికి కావలసిన వ్యవధి. ఆ మూడింటినీ దానికి మిగల్చడమో మిగల్చకపోవడమో నేడు మన చేతిలో ఉన్నది.