మన నాటకశాలకు మన పైసలే పునాది

(పట్టణంలో నాటకశాల నిధి కోసం జరిగిన సన్నాహక సభలో నిర్వాహకుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఇయ్యాల మిమ్మల్ని పైసలు అడగడానికే పిలిచినం. సంస్కృతి గురించి గంటసేపు మాట్లాడి, చివర్లో రసీదు బుక్కు తీయడం మాకు ఇష్టం లేదు. మన పట్టణంలో నాటకం ఆడుకోవడానికి జాగ లేదు. ఫంక్షన్ హాలు ఉన్నది గానీ దాని కిరాయి పెండ్లిళ్ల లెక్కన ఉంటది. ముహూర్తాల దినాల్లో అది కూడా దొరకదు. వేషం కట్టుకోవడానికి ఆడబిడ్డలకు ఒక అర్ర లేదు. అందుకే మూడు వందల మంది కూర్చునే చిన్న నాటకశాల కట్టుకోవాలని అనుకున్నం.

కట్టడం ఒక్కసారి ఖర్చు. నడపడం నెలనెలా ఖర్చు. కరెంటు బిల్లు, మైకు, లైట్ల మరమ్మతు, కాపలా మనిషి జీతం, ఆడినోళ్లకు కూలి. ఎంతో ఆర్భాటంగా రిబ్బను కత్తిరించిన హాళ్లకు తాళాలు పడేది ఈ రెండో ఖర్చు దగ్గరనే. మరి ఈ పైసలు ఎవరు ఇయ్యాలె?

మన నేల మీద ఈ ప్రశ్నకు పాత జవాబు ఒకటి ఉన్నది. చిందు భాగోతులకు మిరాశీ ఊర్లు ఉండేవి. ఫలానా ఊర్లు ఫలానా మేళానివని కట్టుబాటు. మేళం వచ్చి జాంబపురాణమో, ఎల్లమ్మ కథో ఆడితే మాదిగవాడ వాళ్లకు ఇయ్యాల్సింది ఇచ్చి సాగనంపేది. మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారులను గొల్లకురుమలు నిలబెట్టుకున్నరు. ఆ పద్ధతిలో రెండు సంగతులున్నయి. ఆటను బతికించే బాధ్యత జనం అందరిదీ అన్నది ఒకటి. కులం పేరుతో కళాకారుడు చేయి చాపి నిలబడాల్సి రావడం రెండోది. మొదటిదాన్ని మనం తెచ్చుకోవాలె. రెండోదాన్ని పాతిపెట్టాలె.

నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ పేరు తెలియనివాళ్లు ఇక్కడ లేరు. 2005లో ఆమె పోయినప్పుడు అందరం కన్నీళ్లు పెట్టుకున్నం. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది, సంతోషపడ్డం. కానీ అవార్డుతో ఒక మనిషికి గౌరవం దక్కుతది. మేళం నడవాలంటే నెలనెలా ఆటలు కావాలె, ఆటకు కూలి కావాలె.

ప్రభుత్వం ఇయ్యదా అని కొందరు అడిగినరు. 2014లో రాష్ట్రం వచ్చినంక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులిచ్చినరు. ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగింది, మంచిదే. అయితే సర్కారు పథకం గురించి పాడే పాట వేరు, సర్కారును నిలదీసే నాటకం వేరు. రెండోదానికి జీతం సర్కారు నుంచి రాదు. పెద్ద కాంట్రాక్టరు ఒక్కడే చెక్కు రాసిస్తే? అప్పుడు అతని భూమి పంచాయితీ మీద నాటకం ఎవరు ఆడుతరు?

పక్క రాష్ట్రం చూద్దాం. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు ఒక పల్లె. 1949లో కె.వి. సుబ్బణ్ణ, ఆయన దోస్తులు అక్కడ నీనాసం మొదలుపెట్టినరు. 1980లో నాటక శిక్షణ కేంద్రం, 1985లో ఊరూరా తిరిగి ఆడే ‘తిరుగాట’ వచ్చినయి. 1991లో సుబ్బణ్ణకు మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు బయటి సాయం తీసుకోలేదని మేము అనడం లేదు. ముందు ఊరు నిలబడ్డది, సాయం తర్వాత వచ్చింది.

ఢిల్లీలో 1973లో పుట్టిన జన నాట్య మంచ్ వీధి నాటకం అయిపోగానే దుప్పటి పరిచి జనాన్ని అడుగుతది. 1989 జనవరి 1న సాహిబాబాద్‌లో నాటకం నడుస్తుండగా దాడి చేసినరు, సఫ్దర్ హష్మీ మర్నాడు ప్రాణం విడిచిండు. జనవరి 4న అదే జాగలో ఆ బృందం ఆ నాటకాన్నే ఆడింది. స్పాన్సరు అనుమతి కోసం చూసే బృందమైతే పోయేదా?

ఇక మన లెక్క. వెయ్యి కుటుంబాలు నెలకు 50 రూపాయలు ఇస్తే సంవత్సరానికి 6 లక్షలు. ఉద్యోగులకు ఇది బరువు కాదు. విద్యార్థులను నెలకు 10 రూపాయలకు మించి అడగం. వాళ్లు గడపగడపకు తిరిగితే అదే పెద్ద చందా. ఆటకు టికెట్టు పెడుతం, కూలినాలి చేసుకునేటోళ్లకు వెనుక వరుసలు ఉచితం కాదు, ముందు వరుసలే ఉచితం.

మా మీద మేమే పెట్టుకున్న కట్టుబాట్లు వినండి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలె. ఆ ఏడుగురిలో ముగ్గురు కళాకారులు, ఇద్దరు మహిళలు ఉంటరు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం నిధిలో పదోవంతుకు మించి తీసుకోం. దాత పేరు గోడకెక్కదు, జమాఖర్చులే గోడకెక్కుతయి, నెలనెలా. ప్రతి ఆట వసూలులో మొదటి రూపాయి ఆడినోళ్లది. బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు.

ఉద్యోగ మిత్రులు 80జీ మినహాయింపు గురించి అడుగుతున్నరు. దానికి వేరుగా ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు కావాలె, అది అయినంకనే ఆ మాట చెప్తం. అప్పుడు కూడా 2,000 రూపాయలు దాటిన నగదుకు అది రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నోళ్లకూ రాదు. మినహాయింపు కోసం ఇయ్యకండి, నాటకం కోసం ఇయ్యండి.

తలుపు దగ్గర రెండు బల్లలు వేసినం. మా సభ్యుల చందాలు ఇప్పటికే రాసి ఉన్నయి, చూసుకోండి. రసీదు లేకుండా ఒక్క పైసా ఇయ్యకండి. లెక్క అడగకుండా ఒక్క నెల దాటనీయకండి.