అమ్మకు ఒంట్లో బాగాలేదంటే
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను మాత్రం మీ అమ్మల గురించి మాట్లాడతాను. దరఖాస్తులు చూసేటప్పుడు "చదువు మధ్యలో ఆగితే కారణం" అన్న చోట ఆడపిల్లలు చాలామంది ఒకే మాట రాస్తున్నారు: "అమ్మకు ఒంట్లో బాగాలేదు." ఏం జబ్బమ్మా అని అడిగితే తలనొప్పి, నడుము నొప్పి, నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే ఏడుస్తుంది అంటారు. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాంటి నీరసం తెస్తాయి కనుక ఆ పరీక్షలు చేయించాల్సిందే. అవన్నీ బాగున్నాయని తేలాక మనవాళ్ళు దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. అది కుంగుబాటు కావచ్చునన్న ఆలోచనే రాదు.

మా ఇంట్లోనూ రాలేదు. మా అమ్మ రెండేళ్ళపాటు గోడవైపు తిరిగి పడుకుంది. సోమరితనమని బంధువులన్నారు. నేనూ అన్నాను. అప్పుడు నాకు పదహారేళ్ళు.

2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. (కర్ణాటక గానీ, ఆంధ్ర గానీ అందులో లేవు!) జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనవారు ప్రతి 20 మందిలో ఒకరని తేలింది. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. కుంగుబాటు, ఆందోళన వంటి రుగ్మతలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

ఆడవారికే ఎందుకెక్కువ? మనసు బలహీనం అనేవారికి జవాబుంది. లండన్ కాంబర్‌వెల్ ప్రాంతపు స్త్రీలను పరిశీలించి జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ 1978లో ఒక పుస్తకం వెలువరించారు. మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం, 14 ఏళ్ళలోపు పిల్లలు ముగ్గురో ఇంకా ఎక్కువో ఇంట్లో ఉండటం, బయట ఉద్యోగం లేకపోవడం, 11 ఏళ్ళు నిండకముందే తల్లిని పోగొట్టుకోవడం - ఇలాంటి స్థితిలో ఉన్నవారిపై పెద్ద కష్టం వచ్చి పడితే కుంగిపోయే ప్రమాదం ఎక్కువని చూపారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2002లో బాలింతల గురించి రాసింది. పేదరికం, భర్త కొట్టడం, మగబిడ్డ కావాలనుకుంటే ఆడపిల్ల పుట్టడం అక్కడ కారణాలుగా కనిపించాయి.

మన సర్జాపురలో బయట పని లేని ఆడవాళ్ళు తక్కువ కదా అంటారు. నిజమే. కానీ అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ళు తోమి, ఇంటికొచ్చి మళ్ళీ తోమే పని మనసుకు ఆసరా ఇచ్చే ఉద్యోగమేనా? నాకైతే సందేహమే. కదిరి నుంచో, మదనపల్లె నుంచో వచ్చినవారికి ఇరుగుపొరుగు కొత్త, సంఘం కంతు వారం వారం తప్పదు, చిన్నపిల్ల ఊళ్ళో అవ్వ దగ్గర. అమెరికాలో లాస్ ఏంజిలెస్ ఇళ్ళలో పనిచేసే మెక్సికో, మధ్య అమెరికా స్త్రీల గురించి 1997లో ఇద్దరు పరిశోధకులు రాసినదీ ఇదే: ఇతరుల పిల్లలను పెంచుతూ, తమ పిల్లలను స్వదేశంలో వదిలి ఉన్న తల్లుల దిగులు. దేశం ఏదైనా ఆ ఫోన్ పెట్టేశాక వచ్చే ఏడుపు ఒకటే.

ఇది మందులతో, మాటలతో నయమయ్యే జబ్బు. మా అమ్మ కోలుకుంది, ఆలస్యంగా. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వారు రాత్రీపగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ. 2022 అక్టోబరు నుంచి ఈ సేవ ఉంది. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మనకు దూరమేమీ కాదు.

అయ్యలారా, అమ్మ మంచాన పడితే కూతురి బడి మాన్పించడం మన మొదటి వైద్యమైపోయింది. వంట కొడుకూ చేయగలడు, మీరూ చేయగలరు.

అమ్మాయిలూ, సభ అయ్యాక నేను బయట వేపచెట్టు కింద కూర్చుంటాను. చెప్పాలనుకున్నవారు రండి. దరఖాస్తులో రాయనక్కరలేదు.